సిగార్ రుచికి మన మాటలు: మీ నోట్సు కూడా రాయండి

తుంగభద్ర_గాలి | కర్నూలు | ఏప్రిల్ 6, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా నెలకు రెండు సిగార్లు కాలుస్తున్నాను. ప్రతి సిగార్‌కూ నోటుబుక్కులో ఒక పేజీ. ఇప్పటికి 96 పేజీలు అయ్యాయి. మొన్న ఆదివారం ఆ బుక్కు మొదటినుంచీ తిరగేస్తే తొలి ఇరవై పేజీలు చదివి చాలా బాధేసింది. లెదర్, సీడార్, కోకో, ఎర్తీ, క్రీమీ. అన్నీ ఎక్కడో రివ్యూల్లో చదివి ఎత్తి రాసుకున్నవే. ఆ రోజు నా నాలుక మీద ఏముందో ఒక్క పేజీ కూడా చెప్పడం లేదు.

21వ పేజీ దగ్గర మారింది. ఆ రోజు పాద్రోన్ 1964 యానివర్సరీ అనే సిగార్, మదూరో రాపర్‌ది, అంటే పై ఆకు బాగా మాగి నల్లబడింది, మిద్దె మీద కూర్చుని కాలుస్తున్నాను. ఆ సిగార్ పలకలుగా నొక్కి ఉంటుంది, ఆకు నాలుగేళ్లు మాగబెడతారు. మా అమ్మ ఎండబెట్టిన వడియాలు తీసుకోవడానికి పైకొచ్చి అవతలి చివర నిలబడి, "కింద ఎవరో బెల్లం పాకం అడుగంటించినారు, చూడుపో" అంది. కింద ఎవరూ పాకం పట్టడం లేదు. అది నా సిగార్ వాసన. అరగంట నుంచి నేను కోకో అని రాయాలా, ఎస్ప్రెస్సో అని రాయాలా అని కొట్టుకుంటున్నాను. అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. అడుగంటిన పాకం. సరిగ్గా అదే.

అప్పటినుంచి మన మాటల్లోనే రాస్తున్నాను. మూడు పేజీలు ఇక్కడ పెడుతున్నాను.

మకనూడో కఫే. డొమినికన్ రిపబ్లిక్‌లో చుట్టింది. లేత రంగు కనెక్టికట్ షేడ్ రాపర్, నీడలో పెంచిన ఆకు. వెలిగించకముందు వాసన చూస్తే కొత్తగా వేసిన వరిగడ్డి వామి. మొదటి పావు భాగంలో నాలుక మీద కాచిన పాల మీగడ. సగం దాటాక చెనిక్కాయలు పొట్టుతో సహా వేయించినప్పటి కమ్మదనం. ఘాటు లేదు. చివర కొంచెం చేదు వచ్చింది, అది నేను తొందరపడి లాగినందుకు.

మాంటెక్రిస్టో నంబర్ 4. క్యూబాది. చిన్న సైజు, 42 రింగ్ (రింగ్ అంటే లావు కొలత). పెదవికి సన్నగా ఉప్పు తగిలింది. తర్వాత చక్కెర వేయని డికాక్షన్. నడుమ వగరు, నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటుందే అది. ఇంగ్లీషులో దీనికి మూడు పదాలు వాడతారు, మనకు వగరు ఒక్కటి చాలు.

పాద్రోన్ మదూరో సంగతి పైన చెప్పాను. మూడో వంతు మిగిలాక మిరియాల రసం మరిగే వాసన వచ్చిందని కూడా రాసుకున్నాను.

మీ దగ్గర ఇలాంటి మాటలుంటే రాయండి. బ్రాండు ఏదైనా సరే, ధర ఎంతైనా సరే. అలవాటు లేనివాళ్లను మొదలుపెట్టమని మాత్రం ఎవరూ అనొద్దు, ఇది ఇప్పటికే కాల్చేవాళ్ల చర్చ.

——

పెన్నా_ఒడ్డు | ప్రొద్దుటూరు | ఏప్రిల్ 6, రాత్రి 10:31

అన్నా, అమ్మ మాట చదివి లేచి కూర్చున్నాను. నేను ఎప్పుడూ "స్ట్రాంగ్, మైల్డ్" తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను.

నాకొక ఇబ్బంది ఉంది. మా ఊర్లో సాయంత్రమైతే కారం దోసె తినకుండా ఉండలేను. తిన్నాక వెలిగిస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. మీకు పాల మీగడ ఎట్లా తెలిసింది?

——

తుంగభద్ర_గాలి | కర్నూలు | ఏప్రిల్ 6, రాత్రి 10:50

కారం తిన్నాక రెండు గంటలైనా ఆగాలి తమ్ముడూ. ఎర్రకారం నాలుకను పూర్తిగా పట్టేస్తుంది, లేత రాపర్ సిగార్ ఆ రోజు కాలిస్తే దండగ. నేనైతే పెరుగన్నం తిని, అరగంట ఆగి మొదలుపెడతాను. పక్కన మంచినీళ్లు. అప్పుడప్పుడూ నన్నారి షర్బత్, చక్కెర తగ్గించి. నన్నారిలో ఆ వేరు వాసన ఉంటుందే, నికరాగువా సిగార్లలో చాలావాటికి అది సరిగ్గా జత కుదురుతుంది. మట్టిలోంచి అప్పుడే పీకిన వేరు వాసన. "ఎర్తీ" అని వాళ్లు రాసేది ఇదేనని నాకు షర్బత్ తాగుతుంటేనే తెలిసింది.

——

ఎర్రనేల_అనంత | అనంతపురం | ఏప్రిల్ 7, ఉదయం 7:15

నా నోట్సు కూడా ఇస్తాను, ముందు ఒక నష్టం చెప్పాలి. రెండేళ్ల క్రితం మా వీధి వడ్రంగితో ముచ్చటపడి టేకు పెట్టె చేయించుకున్నాను, సిగార్లు దాచడానికి. లోపల కూడా నున్నగా పాలిష్ వేయించాను. నెల తిరిగేసరికి పద్నాలుగు సిగార్లూ పాలిష్ వాసనే. ఒకటి వెలిగిస్తే కొత్త బీరువా కాలినట్టుంది. అన్నీ పారేశాను. వడ్రంగి తప్పేమీ లేదు, చెప్పింది నేనే.

తర్వాత తెలుసుకున్నాను. పెట్టె లోపలి చెక్కకు పాలిష్, వార్నిష్ ఏవీ తగలకూడదు. సిగార్ పెట్టెలకు వాడే స్పానిష్ సీడార్ అసలు దేవదారు కాదు. సెడ్రెలా అనే చెట్టు, మన వేప ఏ కుటుంబంలో ఉందో అది కూడా అదే కుటుంబం. నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్తాను కాబట్టి ఇది చదివినప్పుడు ఎంత సంతోషమైందో. ఆ చెక్క తేమను పీల్చుకుని మళ్లీ మెల్లగా వదులుతుంది, బూజు తొందరగా పట్టదు, వాసన కూడా సిగార్‌కు నప్పుతుంది.

ఇక మాట విషయం. "లెదర్" అని రాసేదానికి నేను "కొత్త తోలు చెప్పుల అంగడి" అని రాసుకుంటాను. అంగట్లోకి అడుగు పెట్టగానే కొట్టే వాసన, ఒక్క చెప్పుది కాదు.

——

సుంకేసుల_కుర్రోడు | కర్నూలు | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:20

సార్లూ, కర్నూలు ఎండల్లో మీరంతా ఎట్లా దాస్తున్నారు? నాకు బెంగళూరులో అక్క కొడుకు ఐదు ఇచ్చాడు. బీరువాలో పెట్టాను. పది రోజుల్లో పై ఆకు పెళుసుబారి చిట్లిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

——

తుంగభద్ర_గాలి | కర్నూలు | ఏప్రిల్ 7, రాత్రి 9:05

ఫ్రిజ్‌లో ఊరికే పెట్టొద్దు. లోపల తేమ లాగేస్తుంది, పైగా కూరల వాసనంతా పడుతుంది.

మన ఊర్లో సిగార్ కొనడం కన్నా కాపాడుకోవడమే పెద్ద పని. సిగార్ ఆకు ఎక్కువగా పండే ఊర్లలో గాలిలోనే తేమ ఉంటుంది. మనకు మే నెల మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు, నా మీటర్‌లో తేమ 25 శాతం కూడా చూపించదు. సిగార్‌కు కావాల్సింది 65 నుంచి 70 శాతం తేమ, 20 డిగ్రీల దగ్గర వేడి. వేడి మనకు ఎట్లాగూ కుదరదు. తేమ కుదురుతుంది.

ఖరీదైన పెట్టె అవసరం లేదు. రబ్బరు అంచు ఉన్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా తీసుకో. బాగా కడిగి రెండు రోజులు మూత తీసి ఆరబెట్టు, ప్లాస్టిక్ వాసన పోవాలి. అందులో 65 శాతం అని రాసి ఉన్న బోవెడా ప్యాకెట్ (తేమను ఒకే స్థాయిలో నిలిపేది) ఒకటి, చిన్న తేమ మీటర్ ఒకటి. ఖాళీ సిగార్ డబ్బాల్లో వచ్చే సీడార్ రేకులు దొరికితే అడుగున పరువు. మన దగ్గర 72 ప్యాకెట్ వద్దు. ఎండాకాలం వేడికి తేమ కూడా ఎక్కువైతే బూజు, పురుగు రెండూ వస్తాయి.

మీటర్‌ను నమ్మేముందు పరీక్ష చెయ్యి. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లతో తడిపి ముద్దలా చెయ్యి, కరిగిపోకూడదు. దాన్నీ మీటర్‌నూ జిప్ కవర్‌లో పెట్టి ఒక రోజు వదిలెయ్. 75 చూపించాలి. నాది 69 చూపించింది, అంటే ఎప్పుడూ ఆరు కలిపి చదువుకోవాలి. ఆ ఆరు తెలియక మొదటి ఏడాదంతా సిగార్లను తడిపి పాడుచేశాను, వెలిగిస్తే చల్లారిపోయేవి, పొగ పుల్లగా ఉండేది.

డబ్బా ఎక్కడ పెడుతున్నామో అది కూడా ముఖ్యం. మా పాత ఇల్లు నాపరాయి పరిచింది, గోడలు మందం. నడిమింటి మూలలో రాయి మీద పెడితే మేలో కూడా 29 దాటలేదు. బీరువా పైన పెడితే 37 చూపించింది. అటక మీద అసలు వద్దు. కూలర్ గాలి తగిలే చోట కూడా వద్దు, మూత తీసినప్పుడల్లా తేమ ఊగిపోతుంది.

చిట్లినవి పారేయకు. డబ్బాలో పెట్టి నెల ఆగు, మెల్లగా తేమ ఎక్కుతుంది. వాసన కొంత పోయి ఉంటుంది, అది మాత్రం తిరిగి రాదు.

——

గుత్తి_కోట | ఇప్పుడు హైదరాబాదు, సొంతూరు గుత్తి | ఏప్రిల్ 7, రాత్రి 11:12

పురుగు మాట ఎత్తారు కాబట్టి నా కథ. పెళ్లికని గుత్తి పోయి పన్నెండు రోజులున్నాం. మే నెల. ఇంట్లో ఏసీ లేదు, తలుపులన్నీ బిగించి పోయాం. తిరిగొచ్చి డబ్బా తెరిస్తే అడుగున సన్నటి గోధుమరంగు పొడి, సిగార్ల మీద సూది గుచ్చినట్టు గుండ్రటి చిల్లులు. పదకొండు పోయాయి. అందులో ఒకటి మా నాన్న రిటైరైన రోజు ఆయనతో కలిసి వెలిగిద్దామని మూడేళ్లు దాచింది. ఆ ఒక్కటి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

దాన్ని పొగాకు పురుగు అంటారు, మన వంటింట్లో ధనియాల్లో, మిరపకాయల్లో, పసుపులో పడేది కూడా ఇదే. గుడ్లు ఆకులోనే ఉండొచ్చు, వేడి పెరిగితే పొదుగుతాయి. ఇప్పుడు కొత్తవి ఏవి వచ్చినా రెండు జిప్ కవర్లలో వేసి, గాలి తీసేసి, ఒక రోజు ఫ్రిజ్ కింది భాగంలో, మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు కింద, ఆ తర్వాతే బయటికి తీస్తాను. ఒక్కసారిగా చలిలోంచి వేడిలోకి తెస్తే రాపర్ పగులుతుంది.

తెల్లగా పొడి కనిపిస్తే కొందరు అది మంచిదే, మాగిన గుర్తు అంటారు. నేను వేలితో తుడిచి చూస్తాను. దూదిలా అంటుకుని మరక మిగిలితే బూజే. కాళ్ల వైపు, అంటే వెలిగించే చివర లోపల కనిపిస్తే పారేయడమే.

——

కడప_పళ్ళ_డాక్టర్ | కడప | ఏప్రిల్ 8, సాయంత్రం 6:40

నేను సిగార్ కాల్చను. మా ఆయన కాలుస్తారు, అందుకే ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. మీ మాటలు చాలా బాగున్నాయి. నా వృత్తి వల్ల తెలిసింది చెప్పకుండా ఉండలేను.

"పొగ లోపలికి పీల్చం కాబట్టి ఫర్వాలేదు" అని మా ఆయన అనేవారు. నాకు తెలిసిన అందరూ అదే అంటారు. సిగరెట్ పొగాకును బ్యారన్లలో, అంటే పొగాకు కొట్టాల్లో, వేడిమీద కొద్ది రోజుల్లోనే పసుప్పచ్చగా ఆరబెడతారు కదా, అందులో చక్కెర మిగులుతుంది, పొగ ఆమ్లంగా ఉంటుంది, అందుకని ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే గాని నికోటిన్ ఎక్కదు. సిగార్ ఆకు గాలికి వారాలపాటు ఆరి, తర్వాత పులుస్తుంది. చక్కెర దాదాపు పోతుంది. పొగ క్షారంగా ఉంటుంది. అందుకే నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి పోతుంది. పీల్చకపోయినా ఎక్కడం దానివల్లే. పెద్ద సిగార్ ఒకదాంట్లో ఒక సిగరెట్ పెట్టెకు సమానమైన పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు సిగార్ కారణమని వైద్యంలో సందేహం లేదు. ఎన్ని తక్కువ కాల్చినా "ఇంతవరకూ క్షేమం" అనే గీత లేదు.

శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మీరు వినే ఉంటారు. అక్కడ అంగిలి మీద వచ్చే మచ్చలు, పుండ్లు మేము చదువుకునేటప్పుడే చూశాం. అంగిలికి వేడి, పొగ రెండూ తగిలితే ఏమవుతుందో చూసినవాళ్లకు మరచిపోవడం కష్టం.

కాల్చేవాళ్లు నెలకోసారి అద్దం ముందు నిలబడి నాలుక కింద, బుగ్గల లోపల, అంగిలి చూసుకోండి. తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలకు మానని పుండు ఉంటే వెంటనే చూపించుకోండి. మా ఆయనకు నేనే చూస్తాను. వారానికి మూడు కాల్చేవారు, ఇప్పుడు నెలకు ఒకటి. అది కూడా మానేస్తే సంతోషిస్తాను.

——

తుంగభద్ర_గాలి | కర్నూలు | ఏప్రిల్ 8, రాత్రి 9:30

డాక్టర్ గారూ, మీ పోస్టును చర్చ పైనే పెట్టమని అడ్మిన్‌ను అడిగాను. ఆకు ఆరే తీరుకూ నోటికీ ఉన్న సంబంధం నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నెలకు రెండు అని గీత గీసుకున్నది కూడా ఆ భయంతోనే. రేపు ఆదివారం అద్దం ముందు నిలబడతాను.

——

ఆదోని_పత్తి | ఆదోని | ఏప్రిల్ 9, ఉదయం 10:02

డాక్టర్ గారు చెప్పింది నా ఒంట్లో జరిగింది. పోయిన డిసెంబరులో స్నేహితుడి ఇంటి మిద్దె మీద మొదటిసారి పట్టాను. నల్లటి లావు సిగార్. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. సిగరెట్ లాగినట్టే గబగబా లాగాను. ఇరవై నిమిషాలకు చెమటలు, కళ్లు తిరిగాయి, కడుపులో దేవింది. పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయాను. గుండెకేదో అయిందనుకుని మా వాడు భయపడి ఆస్పత్రికి తీసుకుపోయాడు. బెల్లం ముక్క, నీళ్లు ఇచ్చిన కాసేపటికి తేరుకున్నాను.

ఇప్పుడు మళ్లీ ప్రయత్నిద్దామా వద్దా అనే టెన్షన్.

——

ఎర్రనేల_అనంత | అనంతపురం | ఏప్రిల్ 9, ఉదయం 11:45

వద్దు తమ్ముడూ. ఒంటికి పడలేదు, అలవాటు కూడా కాలేదు, అక్కడితో వదిలెయ్. ఈ చర్చలో వాసనల గురించి నీకు తెలిసింది రాయి, అది చాలు మాకు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు వాసన ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, నువ్వు చెప్పగలవు.

——

ఆదోని_పత్తి | ఆదోని | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:10

సరే అన్నా, వదిలేశాను. జిన్నింగు మిల్లులో గింజలు కుప్పపోసిన చోట నూనె వాసన కలిసిన వెచ్చదనం ఉంటుంది, కొంచెం కమ్మగా, కొంచెం ముక్కినట్టు. ఆ సిగార్ వెలిగించకముందు వాసన చూసినప్పుడు నాకు అదే అనిపించింది. అది మాత్రం బాగుంది.

——

నల్లరేగడి | నంద్యాల దగ్గర పల్లె | ఏప్రిల్ 9, రాత్రి 8:55

మాది పొగాకు వేసిన ఇల్లు. నాటు పొగాకు. మా నాన్న పదిహేనేళ్ల క్రితం ఆపేసి శనగలోకి మారాడు. మీ మాటలన్నీ చదివాను, మీరు నాలుక దగ్గర మొదలుపెట్టారు, నేను చేను దగ్గర మొదలుపెడతాను.

ఒకే మొక్కలో ఆకు ఒకే రకం కాదు. అడుగాకు పలచన, బాగా కాలుతుంది, రుచి తక్కువ. నడిమాకు వాసనకు. పైన తలాకు ఎండంతా తనే తింటుంది, మందం, జిడ్డు, ఘాటు, మెల్లగా కాలుతుంది. క్యూబా వాళ్లు వీటినే వొలాదో, సెకో, లిహెరో అంటారని చదివినప్పుడు మా నాన్నకు చెప్పాను. "పేరేదైతేనేం, తలాకు తలాకే" అన్నాడు. సిగార్ చుట్టేవాడు తలాకును నడి మధ్యలో పెడతాడట, పక్కన పెడితే ఒక వైపు కాలకుండా నిలబడిపోతుంది.

నేల సంగతి. నికరాగువాలో ఎస్తెలీ నేల నల్లది, జలాపా నేల ఎర్రది. ఎస్తెలీ ఆకు ఘాటుగా, బరువుగా ఉంటుందని, జలాపా ఆకు తియ్యగా ఉంటుందని అక్కడివాళ్లు అంటారు. మా నంద్యాల నల్లరేగడి, ఎర్రనేల అన్న వాళ్ల అనంతపురం గుర్తొచ్చాయి. గోదావరి లంకల్లో చుట్ట పొగాకుకు వరద తెచ్చే ఒండ్రే బలం. నేల మారితే ఆకు మారుతుంది, ఇది ఏ దేశమైనా అంతే.

అసలు పని మండెలో ఉంది. ఆకు కోసి, తోరణాలు కట్టి ఆరబెట్టాక కుప్పగా పేర్చి మండె కడతాం. లోపల వేడి పుడుతుంది. చెయ్యి పెడితే కాలినట్టుంటే విప్పి, లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేసి మళ్లీ కడతాం. తిరగేసేటప్పుడు కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు లేస్తుంది, పశువుల కొట్టంలో తెల్లారుజామున కొట్టే వాసన లాంటిది. అది అమోనియా. అది పోయేదాకా ఆకు తాగడానికి పనికిరాదు. సిగార్ ఆకుకు కూడా ఇదే చేస్తారు, ఇంకా ఓపికగా. కొన్ని సిగార్లు కొత్తవి వెలిగిస్తే నసాళానికి అంటుతాయి చూడండి, మండె తొందరగా విప్పినట్టు లెక్క. క్యూబా బ్రాండు కోహిబాకు సెకో, లిహెరో ఆకులను పీపాల్లో వేసి మూడోసారి కూడా పులియబెడతారు. మెత్తదనం అక్కడినుంచి వస్తుంది.

——

పెన్నా_ఒడ్డు | ప్రొద్దుటూరు | ఏప్రిల్ 9, రాత్రి 10:20

నల్లరేగడి అన్నా, ఇన్నాళ్లూ ఎక్కడున్నారు మీరు!

కోహిబా అన్నారు కాబట్టి అడుగుతున్నా. నా దగ్గర ఒక పెట్టె ఉంది, గల్ఫ్ నుంచి బంధువు తెచ్చాడు. పైన అద్దం మూత. చాలా తక్కువ ధరకు వచ్చిందన్నాడు. కాలిస్తే వట్టి కాగితం కాలిన కమురు. నా నాలుకదే తప్పా?

——

గుత్తి_కోట | హైదరాబాదు | ఏప్రిల్ 9, రాత్రి 10:41

నాలుక తప్పు కాదు. అది కోహిబా కాదు. అద్దం మూత పెట్టెలో కోహిబా రాదు, అట్లా కనిపిస్తే అక్కడే వదిలేయాలి. అసలు పెట్టెకు పచ్చటి ప్రభుత్వ ముద్ర పట్టీ, దాని మీద హోలోగ్రామ్, బార్‌కోడ్ ఉంటాయి. ఆ నంబరును క్యూబా సిగార్లు అమ్మే హబానోస్ కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పైగా 2022లో కోహిబా ధరలు ప్రపంచమంతా ఒక్కసారిగా పెంచేశారు, ఆ తర్వాత "చవగ్గా వచ్చిన కోహిబా" అనేదే లేదు.

ఒకటి పొడవునా కోసి చూడు. లోపల పొడవాటి ఆకులు మడతలుగా ఉండాలి. తరుగు, పొట్టు, కాడలు రాలితే ఇంక చెప్పేదేముంది.

బంధువులతో తెప్పించుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. 2016 బ్యాగేజీ నిబంధనల్లో సుంకం లేకుండా మనిషికి 25 సిగార్ల వరకే ఉండేది. హద్దు దాటితే చెప్పి సుంకం కట్టాలి.

——

పెన్నా_ఒడ్డు | ప్రొద్దుటూరు | ఏప్రిల్ 10, ఉదయం 8:30

కోశాను. తరుగే. మధ్యలో కాడ ముక్కలు కూడా. బంధువుకు చెప్పలేదు, ఆయన ప్రేమతో తెచ్చాడు.

——

సుంకేసుల_కుర్రోడు | కర్నూలు | ఏప్రిల్ 10, రాత్రి 9:15

తుంగభద్ర అన్నా, డబ్బా తయారైంది, మీటర్ 73 చూపించింది, రెండు కలుపుకోవాలి. ఒక సందేహం. మిద్దె మీద కాలిస్తే నాకు ఎప్పుడూ ఒక పక్కే కాలి, ఇంకో పక్క నాలుకలా మిగిలిపోతుంది. సిగార్లే బాగాలేవా?

——

తుంగభద్ర_గాలి | కర్నూలు | ఏప్రిల్ 10, రాత్రి 9:52

గాలి. మన సాయంత్రపు పడమటి గాలి. గాలి తగిలిన వైపు గబగబా కాలుతుంది. పిట్టగోడకు ఆనుకుని కింద కూర్చో, గాలికి వీపు పెట్టు.

వెలిగించడంలో కూడా ఉంది. మంటను ఆకుకు తాకించొద్దు. కొంచెం దూరంగా పెట్టి, సిగార్‌ను తిప్పుతూ చివర అంతా సమంగా ఎర్రబడేదాకా, అప్పడం సెగ మీద కాల్చినట్టు కాల్చు. ఆ తర్వాతే నోట్లో పెట్టుకో. పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, వాటి వాసన మొదటి పావుభాగం అంతా ఉంటుంది. గ్యాస్ లైటర్, లేదా అగ్గిపుల్ల గంధకం కాలిపోయాక.

కత్తిరించేది తలవైపు, అంటే నోట్లో పెట్టుకునే చివర ఉన్న టోపీ మాత్రమే, రెండు మిల్లీమీటర్లు. ఎక్కువ కోస్తే రాపర్ విప్పుకుంటుంది. నిమిషానికి ఒకసారి లాగితే చాలు. వేళ్లకు వేడి తెలుస్తోందంటే తొందరపడుతున్నావని. వేడెక్కితే ఎంత మంచి ఆకైనా చేదే. బూడిద పదే పదే దులపకు, దానంతటది రాలనీ, నిప్పును చల్లగా ఉంచేది అదే. మధ్యలో ఆరిపోతే కంగారొద్దు, మళ్లీ వెలిగించుకోవచ్చు. ఒక రాత్రి ఉంచి తెల్లారి వెలిగిస్తే మాత్రం పాత యాష్‌ట్రే నాకినట్టుంటుంది.

వాసనలు ఎక్కువ తెలియాలంటే చివర్లో కొంచెం పొగను ముక్కు గుండా వదలాలి. ప్రతిసారీ కాదు, పదింట ఒకసారి. మిరియం, ధనియం, దాల్చినచెక్క అన్నీ ముక్కులోనే తేడా తెలుస్తాయి, నాలుకకు తీపి, ఉప్పు, పులుపు, చేదు, వగరు లాంటివి వరకే.

ఇంట్లో పిల్లలుంటే తలుపు దగ్గర కూడా వద్దు. నేను కిందికి దిగి స్నానం చేశాకే పాపను ఎత్తుకుంటాను. బస్టాండుల్లాంటి చోట్ల కాల్చితే ఫైన్ ఉంటుందని మనందరికీ తెలిసిందే.

——

నల్లరేగడి | నంద్యాల దగ్గర పల్లె | ఏప్రిల్ 13, రాత్రి 8:10

మూడు రోజులు కనిపించలేదు, శనగలు అమ్మడానికి పోయాను.

ఒక సంగతి చెప్పాలి. మా నాన్నకు 78. చుట్ట మానేసి పదేళ్లు దాటింది, మళ్లీ పట్టనివ్వను. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే, గుత్తి_కోట అన్న పంపిన మదూరో సిగార్ ఒకటి వెలిగించకుండా ఆయన చేతికిచ్చి వాసన చూడమన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. వేళ్లతో నొక్కాడు. రాపర్ మీద ఈనెలు తడిమి "ఆకు మంచిది, తొందరపడి కోయలేదు" అన్నాడు. మళ్లీ వాసన చూసి అన్నాడు: "మండె మూడోసారి తిరగేసిన నాటి వాసన. ఘాటు పోయి ఉంటాది, తీపి ఇంకా రాకుండా ఉంటాది. మీ అమ్మ ఆ పొద్దు కళ్లకు గుడ్డ కట్టుకోకుండానే మండె తిరగేసేది."

మా అమ్మ పోయి ఆరేళ్లు. మండె ఇంట్లో కట్టడం ఆగిపోయి పదిహేనేళ్లు. ఆ సిగార్ ఎక్కడో నికరాగువాలో చుట్టింది.

తిరిగిచ్చేశాడు. నేను వెలిగించలేదు, డబ్బాలో పెట్టాను.

——

కడప_పళ్ళ_డాక్టర్ | కడప | ఏప్రిల్ 13, రాత్రి 8:48

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

——

తుంగభద్ర_గాలి | కర్నూలు | ఏప్రిల్ 13, రాత్రి 10:35

ఈ రోజు 97వ పేజీ. పాద్రోన్ మదూరోనే మళ్లీ తీశాను, నల్లరేగడీ, నీ పోస్టు చదివాక వేరేది తీయబుద్ధి కాలేదు. వెలిగించకముందు పది నిమిషాలు వాసన చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఆ చల్లటి వాసనకు నా దగ్గర మాట లేదు, ప్రతి పేజీలో ఆ వరస ఖాళీగానే ఉంది. ఈ రోజు రాశాను: మండె మూడోసారి తిరగేసిన నాటి వాసన. పక్కన నంద్యాల అని కూడా రాశాను.

వెలిగించాక మొదటి పావు చెనిక్కాయ పొట్టు. తర్వాత అడుగంటిన పాకం. గాలి లేదు, సమంగా కాలింది.

——

ఎర్రనేల_అనంత | అనంతపురం | ఏప్రిల్ 13, రాత్రి 11:02

"మూడోసారి" అన్నారు కదా నాన్నగారు. రెండోసారికీ మూడోసారికీ వాసనలో తేడా ఏమిటో ఒక్కసారి అడిగి రాస్తారా నల్లరేగడి గారూ? మా పిల్లలకు క్లాసులో చెప్తాను.

——

నల్లరేగడి | నంద్యాల దగ్గర పల్లె | ఏప్రిల్ 14, ఉదయం 6:20

అడిగాను. "రెండోసారి కళ్లు మండుతాయి, మూడోసారి ముక్కు పుటాలు మాత్రం అదురుతాయి" అన్నాడు. మిగతాది సాయంత్రం కూర్చోబెట్టి రాయించుకుంటాను, ఇప్పుడు పాలు పితకాలి.